సినిమాలో లేని సీన్లు

మా నాయనమ్మ బాలనాగమ్మ కథ మొదలుపెడితే ఏడు రాత్రులు పట్టేది. ఎండాకాలం, వాకిట్లో నులక మంచం మీద ఆమె, కింద చాపల మీద మేం నలుగురం పిల్లలం. కథ మధ్యలో ఆమె ఆగేది ఒక్కదానికే, వక్క కత్తిరించుకోవడానికి. చిన్న ఇనుప అడకత్తెర ఉండేది ఆమె దగ్గర. ఆ కటుక్కుమనే చప్పుడు వినపడిందంటే మాయల ఫకీరు వచ్చే వేళయిందని మాకు తెలిసిపోయేది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని, చెవులు మాత్రం అటే ఉండేవి.

మాది కోదాడ దగ్గర ఒక పల్లె. అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. సాగర్ ఎడమ కాలువ వచ్చాక మా వైపు వరి బాగానే పండింది గానీ, మాకున్నది కౌలుకు తీసుకున్న రెండెకరాలే. పండిన దాంట్లో పెట్టుబడి ఇచ్చిన సేటుకు పోయేది పోగా, మిగిలింది గాదెలోకి చేరేది. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక బాకీ మాట నడుస్తూనే ఉండేది. రాత్రి కథ మొదలయ్యాక మాత్రం ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మా నాన్న కూడా అరుగు మీద పడుకుని, నిద్రపోయినట్టే ఉండి వినేవాడు.

బాలనాగమ్మ కథ తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఏడుగురు అక్కచెల్లెళ్ళు, తల్లి పోతుంది, సవతితల్లి వస్తుంది, పిల్లలు అడవి పాలవుతారు. అందరిలోకీ చిన్నది బాలనాగమ్మ. పెళ్ళయి, కొడుకు ఉయ్యాలలో ఉండగా మాయల ఫకీరు బిచ్చానికి వచ్చినట్టు వచ్చి ఆమెను కుక్కను చేసి తీసుకుపోతాడు. ఆ కొడుకు పెరిగి పెద్దవాడై, ఫకీరు ప్రాణం దాచుకున్న చిలకను పట్టుకుని తల్లిని విడిపించుకొస్తాడు. బుర్రకథలవాళ్ళు ఊరూరా పాడిన కథ ఇది.

కానీ నాయనమ్మ కథలో మాకు బాగా గుర్తుండిపోయింది ఫకీరు కాదు, తవుడు రొట్టె. సవతితల్లి ఆ ఏడుగురు ఆడపిల్లలకు అన్నం బదులు తవుడు రొట్టె పెడుతుంది. దాన్ని ఎట్లా చేస్తారో నాయనమ్మ విడమరిచి చెప్పేది. తవుడు జల్లించకుండా, ఊకతో సహా ఉప్పు లేకుండా కలిపి, మోదుగాకులో పెట్టి నిప్పుల మీద కాలుస్తారు. తింటే ఊక గొంతులో గుచ్చుకుంటుంది. నీళ్ళు తాగితే కిందికి పోదు, "పక్కకు తిరిగి కూసుంటది" అనేది, తన గొంతు మీద వేలు పెట్టి సరిగ్గా ఎక్కడో చూపిస్తూ. ఆ చోటు వచ్చినప్పుడు మేం నలుగురం గుటక వేసేవాళ్ళం.

1981 ఎండాకాలంలో మా పక్క ఊరికి టూరింగ్ టాకీస్ వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పొలంలో డేరా వేసి, చుట్టూ తడికలు కట్టి, నేల మీద ఇసుక పోశారు. నేల, బెంచి, కుర్చీ, మూడే క్లాసులు. ఎద్దులబండికి బొమ్మ కట్టి మైకులో అరుచుకుంటూ వచ్చారు, "నేడే చూడండి, బాలనాగమ్మ!" అని. ఎన్టీఆర్, అంజలీదేవి వేసిన 1959 నాటి సినిమా అది. దానికి ముందు 1942లోనే జెమినీ వాసన్ గారు చిత్తజల్లు పుల్లయ్య గారి దర్శకత్వంలో ఇదే కథ తీశారు. అందులో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే మా మాయల ఫకీరే. ఇవన్నీ నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. ఆ రోజు నాకు తెలిసిందల్లా, నాయనమ్మ కథ తెర మీదికి వస్తోందని.

సాయంత్రం డేరా మీద మైకులో ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట మొదలైతే ఆట దగ్గర పడ్డట్టు. ఆ పాట గాలిలో మా ఊరి దాకా వచ్చేది. అమ్మ అన్నం సద్ది కట్టింది. పొలం గట్ల మీదుగా వరసగా నడిచి వెళ్ళాం, ముందు నాన్న లాంతరు పట్టుకుని, వెనక నాయనమ్మ. నేల టికెట్టు. ఇసుకను కుప్పగా చేసుకుని దాని మీద ఎత్తుగా కూర్చున్నాను. వెనకవాళ్ళు తలలో మొట్టితే మళ్ళీ సర్దేశాను. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. ఆగినప్పుడల్లా చీకట్లో ఆడవాళ్ళు జరిగిన కథను ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

నేను తవుడు రొట్టె కోసం చూస్తూ కూర్చున్నాను. రాలేదు. సినిమా అయిపోయింది, మాయల ఫకీరు చచ్చిపోయాడు, తల్లీకొడుకులు కలుసుకున్నారు, అందరూ లేచి చీరలకంటిన ఇసుక దులుపుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. దారిలో నాయనమ్మను అడిగాను, "రొట్టె ఎందుకు రాలేదు?" అని.

"సినిమా తీసెటోళ్ళకు ఏం తెలుసు బిడ్డా, వాళ్ళు తిన్నరా?" అంది.

నాయనమ్మకు ఆరేళ్ళప్పుడు తల్లి పోయిందనీ, ఏడాది తిరక్కుండానే ఇంట్లోకి సవతితల్లి వచ్చిందనీ నాన్న నాకు చెప్పింది నా పెళ్ళయిన తర్వాత. అప్పటికి నాయనమ్మ లేదు.

ఆ డేరాలో ఆ వేసవి మేం చూసినవి నాలుగో ఐదో సినిమాలు. కాంతారావు గారి సినిమా వస్తే మాత్రం మా ఊళ్ళో ఇంటికి ఒక్కరు కూడా మిగిలేవాళ్ళు కాదు. ఆయనది మా పక్కనే ఉన్న గుడిబండ. తాడేపల్లి లక్ష్మీకాంతారావు, 1923లో పుట్టారు. "మన గుడిబండాయన" అనేవాళ్ళు పెద్దవాళ్ళు, చుట్టపాయన గురించి చెప్పినట్టు. విఠలాచార్య గారి సినిమాల్లో ఆయన కత్తి తిప్పితే మగపిల్లలు కందికట్టెలు పట్టుకుని వీధుల్లో యుద్ధాలు చేశారు. అన్ని రాజ్యాలు గెలిచిన ఆ మనిషి, సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకుని చివరి రోజుల్లో ఇబ్బంది పడ్డారని తెలిసినప్పుడు మా ఊళ్ళో ఆడవాళ్ళు చాలా బాధపడ్డారు. 2009 మార్చిలో ఆయన పోయారన్న వార్త టీవీలో చూసి మా అమ్మ ఆ పూట పొయ్యి ఆలస్యంగా వెలిగించింది. ఆయన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు అమ్మ.

పాతాళభైరవి కూడా ఆ డేరాలోనే చూశాను. 1951 నాటి సినిమా, ముప్పై ఏళ్ళ తర్వాత ఇసుకలో కూర్చుని చూసినా మాకు కొత్తదే. కె.వి. రెడ్డి గారు, పింగళి నాగేంద్రరావు గారు ఆ కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో పట్టుకున్నారు. కాశీకి నడిచిపోయేవాళ్ళు మజిలీ చేసిన చోటల్లా ఒక కథ చెప్పుకున్నట్టు అల్లిన కథలు అవి. మేం పిల్లలం ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి దడుచుకుని, మర్నాటి నుంచి ఆయనలాగే నడిచాం, గొంతు మార్చి మాట్లాడాం. అమ్మ చూసింది వేరే సినిమా. ఆమె కళ్ళు తోటరాముడి తల్లి మీదే ఉన్నాయి. సురభి కమలాబాయి గారు వేశారు ఆ పాత్ర. మొట్టమొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేసింది కూడా ఆమే. తోటమాలి ఇల్లు, మొగుడు లేని మనిషి, చేతికొచ్చిన కొడుకు వెళ్ళి వెళ్ళి రాజకూతురి మీద మనసు పడ్డాడు. నాతో సమానంగా సంపద తెచ్చి చూపిస్తే పిల్లనిస్తానంటాడు రాజు.

రీలు ఆగినప్పుడు అమ్మ పక్కావిడతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "చూసినవా వదినా, మనల్ని ఆడపిల్లకు కట్నం అడిగినట్టే ఆ రాజు మగపిల్లగాణ్ణి అడుగుతున్నడు. అంత సొమ్ము యాడికెళ్ళి తెస్తడు?"

అక్కకు అప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ దగ్గర రెండు వెండి గిన్నెలు, ఒక జత కమ్మలు ఉండేవి, అక్క పెళ్ళికని దాచినవి. పాతాళభైరవి లాంటి దేవత మా ఇంటికి రాదని అమ్మకు తెలుసు. కానీ అడిగిందల్లా ఇచ్చే ఆ దేవత బొమ్మ తోటరాముడి చేతిలోకి వచ్చినప్పుడు డేరాలో ఎవరికంటే ముందు చప్పట్లు కొట్టింది అమ్మే. అమ్మ చప్పట్లు కొట్టడం నేను చూడడం అదే మొదటిసారి.

తర్వాత కొన్నేళ్ళకు మా ఊరి సారు వాళ్ళింటికి టీవీ వచ్చింది. దూరదర్శన్‌లో గుణసుందరి కథ వేసిన రోజు నాన్న కూడా వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. 1949 నాటి సినిమా, ఇది కూడా కె.వి. రెడ్డి గారిదే. రాజుకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రే సర్వస్వం అని పొగుడుతారు, చిన్నది గుణసుందరి ఆడదానికి మొగుడే అన్నీ అంటుంది. రాజు కోపంతో ఆమెను అవిటివాడికి కట్టబెడతాడు. తీరా రాజు మంచాన పడితే పెద్ద కూతుళ్ళకు బరువవుతాడు, గుణసుందరే చేస్తుంది. ఆయన రోగానికి మహేంద్రమణి కావాలని అల్లుళ్ళు బయల్దేరతారు. ఆ తర్వాత శాపాలు, ఎలుగుబంటి, అన్నీ ఉన్నాయి. షేక్‌స్పియర్ నాటకం నుంచి తీసుకున్న కథ అని తర్వాత చదివాను గానీ, ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరికీ అది పరాయి కథ అనిపించలేదు.

ఎందుకంటే నాయనమ్మ అప్పుడు వంతుల మీద ఉంది. మూడు నెలలు మా ఇంట్లో, మూడు నెలలు పెదనాన్న ఇంట్లో. వంతు మారే రోజు తన ఇత్తడి చెంబు, దుప్పటి, వక్కల సంచి మూటగట్టుకుని తనే నడిచి వెళ్ళేది. సినిమాలో అల్లుళ్ళు మణి కోసం గుర్రాలెక్కుతుంటే నాయనమ్మ పైకే అనేసింది, "మణులెందుకురా ముసలోనికి, పూటకింత అన్నం పెట్టి పక్కన కూసునేటోళ్ళుంటే చాలు." గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాన్న తలెత్తి చూడలేదు. ఆ నెలాఖరుకు నాయనమ్మ మామూలుగానే మూట కట్టుకుంది. నాన్న మూట తీసుకుని పెదనాన్న ఇంటి దాకా వెంట నడిచాడు. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు.

జానపద సినిమాలంటే ఎగిరే గుర్రాలు, పుర్రెలు, మంత్రాలు అని తేలిగ్గా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఆ మంత్రాలన్నీ ఒక ఇంటి చుట్టూ తిరిగేవి. సవతితల్లి, కట్నం, మూలన పడ్డ తండ్రి, దూరం పోయిన మొగుడు. ఇల్లు లేకుండా ఉత్త మాయలే చూపించే సినిమాలు ఇప్పుడు వస్తున్నాయి, గ్రాఫిక్స్ కళ్ళు చెదిరేలా ఉంటాయి, కాదనను. థియేటర్ బయటికి వచ్చాక ఎవరైనా ఇంకొకరికి ఆ కథ చెప్పడం మాత్రం నేను వినలేదు.

గ్రాఫిక్స్ అంటే ఏంటో మాకు తెలిసింది అమ్మోరు సినిమాతోనే. శ్యాంప్రసాద్ రెడ్డి గారు తీశారు, దర్శకులు కోడి రామకృష్ణ గారు. 1995 నవంబరులో విడుదలైంది. అప్పటికి అక్క పెళ్ళయి రెండేళ్ళు. బావ లారీ మీద పోయేవాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. పెళ్ళిలో ఒప్పుకున్న కట్నంలో ఐదు వేలు బాకీ పడ్డాం. ఆ సంక్రాంతికి అక్క ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. చిక్కిపోయి ఉంది. అడిగితే "నీళ్ళు పడట్లేదు" అంది.

కోదాడలో అమ్మోరు ఆడుతోందని తెలిసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ ట్రాక్టరు మాట్లాడుకున్నారు. కడుపుతో ఉన్నదాన్ని అంత భయపెట్టే సినిమాకు తీసుకుపోతారా అని ఎదురింటావిడ అడ్డం పడింది. "అమ్మవారి దగ్గరికి పోతే భయమేందక్కా" అని అమ్మ అక్కను ట్రాక్టరు ఎక్కించింది. హాలు గుమ్మం బయట చెప్పుల కుప్ప. ఎవరూ చెప్పలేదు విప్పమని, అందరూ విప్పేశారు. వేపమండలు, పసుపు, కొబ్బరికాయలు పట్టుకుని వచ్చారు. సినిమాలో రమ్యకృష్ణ అమ్మవారిగా నిలబడితే మా వెనక వరసలో ఇద్దరికి పూనకం వచ్చింది. ఒకామె కొంగులో కట్టుకొచ్చిన కర్పూరం తీసి అక్కడే హారతి పట్టింది. హాలువాళ్ళు పరుగున వచ్చి, వద్దనలేక, బకెట్టుతో నీళ్ళు పక్కన పెట్టి నిలబడ్డారు.

మొగుడు దూరదేశం పోతే అత్తింట్లో నలిగిపోయే కోడలు భవాని, సౌందర్య వేసింది. ఆ ఇంటికే అమ్మోరు చిన్నపిల్ల రూపంలో పనిపిల్లగా వస్తుంది. ఆ పాప, బేబీ సునయన, గుమ్మంలో అడుగు పెట్టినప్పుడు హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. నేను అక్కవైపు చూశాను. ఏడవట్లేదు. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా ఆ పాపనే చూస్తోంది.

మర్నాడు మా వాకిట్లో సకినాలు పోస్తున్నాం. తెల్ల పంచె పరిచి, చుట్టూ ఆరుగురం ఆడవాళ్ళం. బియ్యప్పిండిలో వాము, నువ్వులు కలిపి, వేళ్ళ మధ్య మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా పోయాలి. మాటల్లో పడితేనే ఆ పని సాగుతుంది. సినిమాకు రాని ఇద్దరు కథ చెప్పమంటే అక్క మొదలుపెట్టింది. అక్క బాగా చెబుతుంది, నాయనమ్మ గొంతే ఆమెది. మాంత్రికుడు గోరఖ్ క్షుద్రపూజల దగ్గర గొంతు తగ్గించింది, పాప వచ్చిన చోట పెంచింది. మధ్యలో అంది:

"అత్త బియ్యం డబ్బాకు తాళం ఏస్తది. తాళంచెవి నడుముకు దోపుకుంటది. పొద్దున సోలెడు కొలిచి ఇస్తది, అందరికీ అదే. ఆ పిల్ల తినేసరికి అడుగున మాడే ఉంటది. దాంట్ల నీళ్ళు పోసి నానబెట్టుకుంటది. నానిందాకా దొడ్లకు పోయి కూసుంటది, గిన్నె గీకే సప్పుడు అత్తకు ఇనపడకుండ."

విన్నవాళ్ళు "అయ్యో పాపం" అన్నారు. అక్క ఆ మాట మీద ఆగలేదు, కథ ముందుకు పోయింది. అమ్మ చేతిలో సకినం మాత్రం సగం చుట్టు దగ్గరే ఆగింది. పిండి వేళ్ళ మధ్య నుంచి పంచె మీద ముద్దగా పడింది. అమ్మ మాతోనే ఆ హాల్లో కూర్చుంది, నా పక్కనే. అలాంటి సీను సినిమాలో లేదు. నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు.

అమ్మ ఏమీ అడగలేదు. పడ్డ ముద్దను తీసి మళ్ళీ పోసింది. ఆ రాత్రి నాన్నతో అరుగు మీద చాలాసేపు మాట్లాడింది. నాకు వినపడింది ఒక్కటే ముక్క: "పురుడు పోసుకున్నా సరే, నేను పంపను."

అక్క తొమ్మిది నెలలు మా ఇంట్లోనే ఉంది. వెండి గిన్నెలు అమ్మి బాకీ ఐదు వేలూ కట్టేశారు, అమ్మ కట్టమంది. కట్టాక కూడా పంపలేదు. బావ పిల్లను చూడడానికి వచ్చినప్పుడు నాన్న కేకలెయ్యలేదు. మంచం వేసి కూర్చోబెట్టి, అన్నం తిన్నాక, "నీ ఇంట్ల బియ్యం డబ్బా తాళం సంగతి నీకు తెలుసా అల్లుడూ?" అని అడిగాడు. బావకు తెలియదు. నిజంగానే తెలియదు, ఆయన ముఖం చూస్తే మాకు అర్థమైంది. కోదాడలో లారీ స్టాండు వెనక ఒక గది తీసుకుని అక్కను, పిల్లను అక్కడికి తీసుకుపోయాడు. అత్తగారు పక్షవాతంతో పడిపోయిన చివరి మూడేళ్ళు చేసింది అక్కే. ఆ మూడేళ్ళ గురించి అక్క ఏ కథలోనూ చెప్పలేదు.

మొన్న సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిశాం. అమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి, ఇప్పటికీ సకినాలు తనే పోస్తానంటుంది, మేం కాదంటే ఒప్పుకోదు. అక్క మనవరాలికి ఏడేళ్ళు. అమ్మోరు సినిమా ఫోన్లో చూసిందట, అయినా అమ్మమ్మ చెబితే మళ్ళీ వినాలి దానికి. అక్క చెబుతోంది. అదే గొంతు, గోరఖ్ దగ్గర తగ్గి పాప దగ్గర పెరిగే గొంతు. బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది.

"అమ్మమ్మా, సినిమాలో తాళం లేదు. నేను చూశా," అంది పిల్ల.

"ఉంటది. నువ్వు సరిగ్గ చూడలే."

"మరి అమ్మోరు వచ్చి తాళం తీసిందా?"

"తియ్యదా మరి! తీసి, తాళంచెవి నా కొంగుకు కట్టింది."

పిల్ల అది పట్టించుకోలేదు. తర్వాత ఏమైందని అడుగుతోంది. అమ్మ మాత్రం చేతిలో సకినం ఆపి అక్కవైపు చూసింది.